చదరంగపు గింజల లెక్కలో ఏడు బీజాలు

వీధి అరుగుల మీద కూర్చుండి పద్యాలు చెప్పుకొనే అలవాటు ఉన్న రోజులలో, లెక్క తెలిసినవారికీ కవిత్వం తెలిసినవారికీ సమానంగా ప్రీతిపాత్రమైన చంపకమాల ఒకటి ఉండేది. పావులూరి మల్లన పేర అది లోకంలో ప్రచారం పొందింది. చదరంగపు పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఈ విధంగా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళనూ నింపితే మొత్తం ఎన్ని గింజలు కావలెను? ఈ ప్రశ్నకు ఆ పద్యం జవాబు చెప్పుతుంది. జవాబు 20 అంకెల సంఖ్య. ఆ 20 అంకెలనూ కవి వరుసగా పద్యంలో కూర్చినాడు.

అంకెలను పద్యంలో కూర్చడమెట్లాగని నేటి విద్యార్థి అడుగవచ్చు. పూర్వులకు భూతసంఖ్యలనే మార్గం ఉన్నది. చంద్రుడంటే ఒకటి. వేదాలంటే నాలుగు. శరమంటే అయిదు, ఎందుకంటే మన్మథుని బాణాలు అయిదు. కుంజరమంటే ఎనిమిది, ఎందుకంటే దిగ్గజాలు ఎనిమిది. గగనమంటే శూన్యం, అనగా సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుంచి ఆరంభించి ఎడమ వైపుగా నడిపించవలెనన్నది నియమం. మల్లన పేరి పద్యం శరంతో మొదలై చంద్రునితో ముగుస్తుంది. అనగా సంఖ్యకు చివరి అంకె 5, మొదటి అంకె 1. నడుమ పదాలను కూడా విప్పి వ్రాసుకొంటే వచ్చేది ఇది: 18446744073709551615. మన వాడుకలో చదివితే 1,84,467 కోటికోట్ల 44,07,370 కోట్ల 95,51,615.

ఈ ఏర్పాటు కేవలం చమత్కారం కోసమే కాదు. తాళపత్రం మీద 20 అంకెలను వరుసగా వ్రాస్తే, ప్రతి వ్రాసిన లేఖకుని గంటం ఒక్క అంకెను జారవిడిచినా కనిపెట్టే దిక్కు లేదు. పద్యంలో అట్లా కాదు. ఒక పదం జారితే గణం చెడుతుంది, గణం నిలిచినచోట యతి తప్పుతుంది, యతి తప్పనిచోట ప్రాస అడ్డుపడుతుంది. లెక్కకు ఛందస్సు కావలి కాసింది. అందువల్లనే ఆ పద్యం విప్పినవారికి ఈనాటికీ ఒక్క అంకె తేడా లేకుండా సరియైన జవాబు లభిస్తున్నది.

మల్లన సామాన్యుడు కాడు. 9వ శతాబ్దిలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు. శాస్త్రగ్రంథం తెలుగున అవతరించడానికి ఆయనే తొలి దారి చూపినాడని మన సాహిత్య చరిత్రకారులు గౌరవిస్తారు. చదరంగపు లెక్క మాత్రం ఒక్క మన దేశానికే పరిమితమైనది కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ పండితుడు ఈ మొత్తాన్నే గణించి తన గ్రంథంలో చేర్చినాడు. ఆట పుట్టినది మన దేశంలో. లెక్క మాత్రం ఆటతోపాటు దేశాలు తిరిగింది.

ఆ గింజలు వడ్ల గింజలో బియ్యపు గింజలో అయితే ఎంత రాశి అవుతుంది? బియ్యపు గింజ ఒక్కటి 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకొందాము. మొత్తం సుమారు 46 వేల కోట్ల టన్నులు అవుతుంది. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏటా పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. ఒక్క గింజ తినకుండా దాచితే 900 ఏండ్లకు పైగా పండించినది ఆ పలక మీదకు చాలుతుంది. వరమిచ్చిన రాజు తెల్లబోయినాడని కథ చెప్పుతారు. అందులో ఆశ్చర్యం లేదు.

ఇంతవరకు కథ మనకు తెలిసినదే. ఈ సంఖ్య ఎంత పెద్దదని అందరూ అడిగినారు, జవాబు విని నోరు తెరిచినారు. దాని లోపల ఏమున్నదని అడిగినవారు తక్కువ. ఈ ఆదివారం ఆ రెండవ ప్రశ్నను పాఠకుల ముందు ఉంచదలచినాను.

సంఖ్యలు రెండు జాతులు. తనతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 అటువంటివి. చిన్న సంఖ్యల గుణకారం వల్ల ఏర్పడినది సంయుక్త సంఖ్య. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీయవచ్చును, ఆ విడదీత ఒక్క విధంగానే సాధ్యం. కనుక ప్రధాన సంఖ్యలను బీజాలనవచ్చును. మన చదరంగపు సంఖ్యలో ఉన్న బీజాలెవ్వి?

అది 5తో ముగుస్తున్నది కాబట్టి 5 దానిని భాగిస్తుంది. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది, 87ను 3 భాగిస్తుంది గనుక సంఖ్యను కూడా 3 భాగిస్తుంది. పాఠశాలలో నేర్చిన ఉపాయాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఇక మీద పలకనే ఆశ్రయించవలె.

పలకను సగానికి విడదీయండి. మొదటి 32 గళ్ళలో ఉన్న గింజలు 429,49,67,295. 33వ గడిలో 429,49,67,296 గింజలుంటాయి. అనగా మొదటి సగమంతటి కంటె ఒక్క గింజ ఎక్కువ. రెండవ సగంలో ప్రతి గడిలోనూ మొదటి సగంలోని దానికి సరిగా ఇన్ని రెట్లు ఉంటుంది. కాబట్టి మొత్తం పలక విలువ మొదటి సగానికి 429,49,67,297 రెట్లు. ఒక్క మడతతో మహాసంఖ్య రెండు ముక్కలైంది. మొదటి సగాన్ని మరల మడవండి. అది 65,535కు 65,537 రెట్లు. మరల మడిస్తే 255కు 257 రెట్లు, మరల 15కు 17 రెట్లు, చివరకు 3కు 5 రెట్లు. ఈ విధంగా అయిదు మడతలలో ఆరు ముక్కలు చేతికి వచ్చినవి: 3, 5, 17, 257, 65,537, 429,49,67,297.

వీనిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరవదాని సంగతి ఏమిటి? యూరపు ఖండంలోని గొప్ప మేధావులలో ఒకడు ఇక్కడే పొరపడినాడు.

ఫ్రాన్సు దేశపు న్యాయాధికారి పియర్ ది ఫెర్మా తీరిక వేళలలో సంఖ్యలను చింతించి, ఆ శాస్త్రానికి నూతన యుగం కల్పించినవాడు. 1640లో ఆయన మిత్రునికి వ్రాసిన లేఖలో ఈ వరుసనే పేర్కొన్నాడు. రెండును వర్గించి, ఆ వచ్చినదానిని మరల వర్గించి, ప్రతిసారి ఒకటి కలుపగా వచ్చే ఈ సంఖ్యలన్నీ ప్రధానాలే అని తనకు దాదాపు నమ్మకం కలిగిందని చెప్పినాడు. రుజువు తనకు చిక్కలేదని కూడా దాచకుండా వ్రాసినాడు. మొదటి అయిదు ఉదాహరణలు ఆయన పక్షాన సాక్ష్యం చెప్పినవి. ఆరవదానిని పరీక్షించిన గుర్తు లేదు, పరీక్షించినా లెక్కలో ఎక్కడో తప్పి ఉండవలె.

తొంబది ఏండ్లు గడిచినవి. 1729 డిసెంబరులో గోల్డుబాక్ అనే పండితుడు సెంట్ పీటర్సుబర్గులో ఉన్న 22 ఏండ్ల ఆయిలరుకు ఒక లేఖ వ్రాస్తూ, ఫెర్మా అన్న ఈ మాట మీకు తెలుసునా అని చివర అడిగినాడు. ఆయిలరు మొదట దానిని పెద్దగా పట్టించుకోలేదు. తరువాత మనసు అటు మళ్ళింది. 1732లో ఆయన తేల్చిన జవాబు ఇది: 429,49,67,297 ప్రధాన సంఖ్య కాదు. దానిని 641 భాగిస్తుంది. భాగఫలం 67,00,417.

ఆయిలరు గుడ్డిగా భాగించుకుంటూ పోలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే 64 యొక్క గుణిజానికి ఒకటి చేర్చిన రూపంలోనే ఉండి తీరవలెనని ఆయన గ్రహించినాడు. కారణాన్ని తరువాతి వ్యాసంలో వివరించినాడు. ఆ రూపంలోని ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నానికి ద్వారం తెరుచుకొన్నది. ఈ ఉపాయం తెలియనివాడు 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూసినా 641 వచ్చేది 116వ స్థానంలో. ఓపిక గల గుమాస్తాకు అది కొద్ది రోజుల పని. పైగా ఇటువంటి ఉపాయాన్నే వాడి ఫెర్మా 1640లోనే మరొక మహాసంఖ్యను, అనగా రెండు 37వ ఘాతంలో ఒకటి తక్కువైనదానిని, 223 భాగిస్తుందని కనుగొన్నాడు. తాళపుచెవి చేతిలో ఉండి కూడా ఈ తలుపు దగ్గర ఆయన ప్రయోగించలేదు. అయిదు సాక్ష్యాలు ఆయన చేతిని ఆపివేసినవి కాబోలు.

641 భాగిస్తుందనడానికి భాగహారం కూడా అక్కరలేదు. 641ని రెండు విధాల చూడండి. అయిదును నాలుగు మార్లు గుణిస్తే 625, దానికి 16 చేర్చితే 641. అయిదును 128తో గుణిస్తే 640, దానికి ఒకటి చేర్చినా 641. ఇప్పుడు రెండు 32వ ఘాతాన్ని, 16 ఒక పక్క, రెండు 28వ ఘాతం మరొక పక్క ఉండేటట్లు విడదీయండి. 16కు బదులు 641లో 625 తీసివేసినదని వ్రాయండి. అప్పుడు ఆ సంఖ్య 641 యొక్క ఒక గుణిజంలోనుంచి 640 యొక్క నాలుగవ ఘాతాన్ని తీసివేసినంత అవుతుంది. 640 అంటే 641కి ఒకటి తక్కువ గనుక, దాని నాలుగవ ఘాతాన్ని 641తో భాగిస్తే ఒకటి శేషిస్తుంది. కాబట్టి రెండు 32వ ఘాతం 641 గుణిజానికి ఒకటి తక్కువ. ఆ ఒకటి చేర్చగానే నిశ్శేషం. నాలుగు వాక్యాలలో తొంబది ఏండ్ల నమ్మకం కూలిపోయింది.

67,00,417 మాత్రం ప్రధాన సంఖ్యయే. కాగా మన చదరంగపు సంఖ్యలోని బీజాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే వస్తున్నది. ఏడింటిలో కావలసినవి ఏరుకొని గుణిస్తే ఈ సంఖ్యకు 128 భాజకాలు ఏర్పడుతాయి. వానిని జంటలుగా కూర్చితే, ఒకదానితో ఒకటి గుణించినప్పుడు పూర్తి సంఖ్యను ఇచ్చే జంటలు సరిగా 64. పలక మీద గళ్ళెన్నో, సంఖ్యను రెండుగా పంచే మార్గాలు అన్ని!

ఫెర్మా పొరపాటు వ్యర్థం కాలేదు. 1796లో జర్మనీ దేశపు గౌస్, ఇంకా 19 ఏండ్లు నిండనివాడు, వృత్తలేఖినితోనూ కొలతలు లేని బద్దతోనూ 17 సమభుజాల ఆకృతిని నిర్మించవచ్చునని నిరూపించినాడు. యూక్లిడు కాలం నుంచి రెండువేల ఏండ్లుగా ఎవరూ ఊహించని సంగతి అది. బేసి సంఖ్యలో భుజాలున్న ఏ సమాకృతి ఈ రెండు పనిముట్లకు లొంగుతుందో 1801లో ఆయన వెలువరించిన గ్రంథం చెప్పింది. భుజాల సంఖ్య వేరు వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమై ఉండవలె. 1837లో వాంట్సెల్ ఆ షరతు అనివార్యమేనని నిరూపించినాడు. ఈనాటి వరకు తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఆ మొదటి అయిదే. కాబట్టి అటువంటి ఆకృతులు మనకు తెలిసినవి 31. వాని భుజాల సంఖ్యలు ఏవి? చదరంగపు పలకలో మొదటి సగపు గింజలను, అనగా 429,49,67,295ను, నిశ్శేషంగా భాగించే సంఖ్యలు, ఒకటి తప్ప మిగిలినవన్నీ. రాజును దివాలా తీయించిన లెక్కకూ యూక్లిడు వృత్తలేఖినికీ ఇటువంటి బాంధవ్యం ఉన్నదని కథ చెప్పిన పెద్దలు ఊహించి ఉండరు.

ఇక ఆ పలకకు కొంచెం అటూ ఇటూ చూద్దాము. మన సంఖ్యకు రెండు చేర్చితే ఫెర్మా వరుసలోని తరువాతి సంఖ్య వస్తుంది. దానిని ఛేదించినవాడు ఫ్రాన్సు దేశపు లాండ్రీ, 1880లో, 82వ ఏట. దాని బీజాలలో చిన్నది 2,74,177. పలక నుంచి మూడు గళ్ళు తీసివేసి 61 గళ్ళే నింపితే వచ్చే మొత్తం ప్రధాన సంఖ్య. 1883లో రష్యా దేశపు క్రైస్తవ పురోహితుడు పెర్వుషిన్ దానిని నిర్ధారించినాడు. మూడు గళ్ళు చేర్చి 67 నింపితే వచ్చే 147573952589676412927ను 1644లో మెర్సెన్ ప్రధానమని ప్రకటించినాడు. 1876లో లూకా అది సంయుక్తమని రుజువు చేసినాడు, కాని దాని భాజకం ఒక్కటి కూడా చూపలేకపోయినాడు. 1903లో న్యూయార్కులో జరిగిన గణిత సభలో కోల్ అనే ఆచార్యుడు లేచి, నల్లబల్ల మీద ఒక పక్క ఈ సంఖ్యను గణించి వ్రాసి, మరొక పక్క 193707721ను 761838257287తో గుణించి చూపి, ఒక్క మాట లేకుండా వెళ్ళి కూర్చున్నాడని ప్రసిద్ధి. ఎంత కాలం పట్టిందని అడిగితే మూడేండ్ల ఆదివారాలని జవాబిచ్చినట్లు బెల్ అనే గణిత చరిత్రకారుడు వ్రాసినాడు.

భాజకం చూపకుండా సంయుక్తమని ఎట్లా చెప్పవచ్చును? ఇది పాఠకులకు వింతగా తోచవచ్చు. ప్రధాన సంఖ్యలన్నీ పాటించే కొన్ని ధర్మాలున్నవి. అట్టి ధర్మం ఒకటి ఫెర్మా 1640లో కనుగొన్నదే. ఏ సంఖ్య ఆ ధర్మాన్ని తప్పుతుందో అది ప్రధానం కాజాలదు. చిత్రమేమంటే, మూడును తీసుకొని 32 మార్లు వర్గిస్తూ, ప్రతిసారి 429,49,67,297తో భాగించి శేషాన్ని మాత్రమే నిలుపుకొంటూ పోతే, ఆ సంఖ్య ఫెర్మా ధర్మాన్ని తప్పినదని తేలిపోతుంది. ఆయన సిద్ధాంతమే ఆయన ఊహకు విరుద్ధంగా తీర్పు చెప్పి ఉండేది.

ఈ రెండు జ్ఞానాలకూ నడుమ ఉన్న ఎడం నానాటికి పెరుగుతున్నది. ఫెర్మా వరుసలో తరువాతి 39 అంకెల సంఖ్య 1970లో గాని బీజాలుగా విడిపోలేదు, ఆ తరువాతిది 1980లో. ఇంకా పైనున్న 4,933 అంకెల సంఖ్య సంయుక్తమని 1960 దశాబ్దిలోనే తెలిసింది, మొదటి భాజకం మాత్రం 2010లో దొరికింది. 50,50,446 అంకెల సంఖ్య ఒకటి సంయుక్తమని 1999లో నిర్ధారణ అయింది. దాని భాజకం ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కలేదు. దొంగ ఇంట్లో ఉన్నాడని రుజువు ఉన్నది, ఏ గదిలో ఉన్నాడో తెలియదు.

ఇది పండితుల కాలక్షేపమని కొట్టివేయరాదు. గుణించడం సులభం, గుణించినదానిని విడదీయడం కఠినం. ఈ తేడా మీదనే నేటి లోకంలో రహస్య లేఖల రక్షణ చాలవరకు ఆధారపడింది. 1977లో రివెస్టు, షమీర్, ఆడిల్మన్ అనే ముగ్గురు రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని బహిరంగంగా ప్రకటించి, ఆ బీజాలు తెలిసినవాడు మాత్రమే చదువగల సంకేతలిపిని కల్పించినారు. ఆనాడు వారు సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్యను విడదీయడానికి కోటికోట్ల ఏండ్లు పట్టవచ్చునని అంచనా వేసినారు. 1994లో సుమారు 600 మంది స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను కలిపి, నెలల శ్రమతో దానిని ఛేదించినారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగిపోయింది. నేడు వాడుకలో ఉన్నవి 617 అంకెలవి. అటువంటి సంఖ్యను త్వరగా విడదీసే సామాన్య మార్గం లేదని మాత్రం ఎవరూ నిరూపించలేదు. ఎవరికీ దొరకలేదు కాబట్టి లేదని నమ్ముతున్నాము. 1994లోనే పీటర్ షోర్ అనే గణితజ్ఞుడు, క్వాంటం సూత్రాల మీద నడిచే యంత్రం తగినంత పెద్దది నిర్మింపబడితే ఈ పని సులభమవుతుందని చూపినాడు. మన ధనమూ మన లేఖలూ ఇట్టి నమ్మకపు నీడలో ఉన్నవి. అయిదు సాక్ష్యాలను చూసి ఆరవదానిని నమ్మిన ఫెర్మాను నవ్వేవారు ఈ సంగతిని కూడా గుర్తుంచుకోవలె.

మరొక సంగతి చెప్పి విరమిస్తాను. నేటి కంప్యూటర్లలోనూ మన జేబులలోని ఫోనులలోనూ ఒక సంఖ్యను నిలుపుకొనే అర సాధారణంగా 64 స్థానాలది. ఋణ సంఖ్యలను వదిలితే ఆ అరలో పట్టే అతి పెద్ద సంఖ్య 18446744073709551615. అరుగు మీద చంపకమాలగా వినిపించిన సంఖ్యయే నేడు ప్రతి చేతిలోనూ ఉన్నది. మన పిల్లలకు ఆ పద్యాన్ని నేర్పేవారు, అంకెలు విప్పించడంతో ఆగక, ఒక కాగితమూ కలమూ ఇచ్చి 429,49,67,297ను 641తో భాగింపజేయవలెనని నా మనవి. పావుగంట పని. చివర శేషం సున్న వచ్చినప్పుడు ఆ పిల్లవాని ముఖం చూడండి.